ముందు ల్యాప్‌టాప్ కొనకండి

ప్రోడక్ట్ డిజైన్‌లో సీటొచ్చిందని తెలిసిన సాయంత్రమే ఇంట్లో ల్యాప్‌టాప్ మాట మొదలవుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉండాలట, లక్షన్నర అవుతుందట, బాబాయి అమెరికా నుంచి వస్తూ తెస్తాడట. వద్దని చెప్పండి. మొదటి ఏడాదికి అది అక్కర్లేదు. ఒక వెర్నియర్ కాలిపర్, ఒక స్టీలు స్కేలు, మూడు మీటర్ల టేపు, స్క్రూడ్రైవర్ల సెట్టు, హ్యాక్సా, రెండు ఆకురాళ్లు, నాలుగు రకాల ఉప్పుకాగితం కొనుక్కోండి. మిగిలిన డబ్బు బ్యాంకులో వేయించండి. కంప్యూటర్ తప్పనిసరైన రోజున డిపార్ట్‌మెంట్ ల్యాబులో కూర్చోవచ్చు. ఏ సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువ పని ఉంటుందో రెండో ఏడాదికల్లా మీకే తెలుస్తుంది. అప్పుడు కొన్నది వృథా పోదు.

నేను చెప్పబోయేవన్నీ ఈ తరహా సలహాలే. అమ్మానాన్నలకు తలకిందులుగా అనిపిస్తాయి. కోచింగ్ సెంటర్లో సార్లు ఒప్పుకోరు. సీనియర్లలో సగం మంది కొట్టిపారేస్తారు. డిజైన్ చదివే పిల్లల పనులు చూస్తూ, దిద్దుతూ వచ్చిన మనిషిగా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను. ఈ చదువు చేతుల్లో మొదలవ్వాలి. సొంత చేతులు కొంత తెలివి తెచ్చుకున్నాక ఎదుటివాళ్ల చేతులను చూడటం నేర్చుకోవాలి. కంప్యూటర్ తెర ఆ తర్వాత రావాలి. మన దగ్గర ఈ వరస తిరగబడిపోయింది. తెర మీద తళతళలాడే వస్తువులు, చేతికిస్తే రెండు నిమిషాలు కూడా నిలవనివి, ఏటా గుట్టలుగా తయారవుతున్నాయి.

ఇంటర్‌లో ఏ గ్రూపు అని అడిగి నిరుత్సాహపరిచేవాళ్లను పట్టించుకోకండి. ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్షకు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ ఏదైనా ఫర్వాలేదు. 2015లో మొదలైన ఆ పరీక్ష ద్వారానే బొంబాయి, గువాహటి, హైదరాబాద్, ఢిల్లీ ఐఐటీల్లో బీడెస్ (డిజైన్ డిగ్రీ) సీట్లు ఇస్తున్నారు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) సంస్థలకు డాట్ అనే వేరే పరీక్ష ఉంది, రెండు దశల్లో జరుగుతుంది. అమరావతిలో ఉన్న ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ చెబుతారు. బైపీసీ వాళ్లు ఎముక, కండరం, కీలు గురించి చదువుకుని వస్తారు. కత్తిపీట ముందు గంటసేపు కూర్చున్న మనిషి నడుముకు ఏమవుతుందో ఆలోచించడానికి ఆ చదువు నేరుగా పనికొస్తుంది. సీఈసీ వాళ్లకు ఖర్చు లెక్క తెలుసు. మొదటి సెమిస్టర్ కష్టంగా గడిచేది ఎంపీసీ టాపర్లకే. నాలుగు ఆప్షన్లలో ఒక్కటే సరైన జవాబు అన్న అలవాటును రెండేళ్లపాటు వాళ్ల తలలో నూరిపోసి ఉంటారు. అది వదలడానికి టైం పడుతుంది. గాభరాపడి బ్రాంచి మార్చుకోవద్దు.

బొమ్మలు అందంగా గీయడం మానేయండి. కోచింగ్‌లో నేర్పే రైల్వే స్టేషన్ దృశ్యం, మెరిసే బూటు, మార్కర్ షేడింగ్ పరీక్ష వరకు సరే. క్లాసులో అడుగుపెట్టాక వాటిని వదిలేయండి. అందంగా గీసే చెయ్యి అబద్ధం చెప్పడం తొందరగా నేర్చుకుంటుంది. మూత సీసాకు ఎలా బిగుసుకుంటుందో తెలియకపోయినా నీడ వేసి దాటేస్తుంది. బాల్‌పెన్నుతో గీయండి, రబ్బరు దగ్గర ఉంచుకోకండి. నీళ్ల సీసా మూతను అడ్డంగా కోసి లోపలి మరలు గీయండి. ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ ఏ గాడిలో కూర్చుంటుందో గీయండి. తలుపు గడియ తెరిచి ఒకటి, సగం వేసి ఒకటి, పూర్తిగా వేసి ఒకటి గీయండి. గీత వంకరగా ఉన్నా కొలతలు రాసి ఉంటే మీరు వస్తువును నిజంగా చూశారని మేష్టారికి తెలుస్తుంది.

ఇక కొత్త ఐడియా సంగతి. మొదటి రెండేళ్లు దాని కోసం వెతకకండి. ప్రపంచంలో ఇంతవరకు లేని వస్తువు చేయాలన్న తపన పద్దెనిమిదేళ్ల వయసులో సహజమే, కానీ ఆ వయసులో చేతిలో సరుకుండదు. ఉన్న వస్తువును విప్పండి. ఇంట్లో పనిచేయని మిక్సీ ఉంటే అది మీ మొదటి పాఠ్యపుస్తకం. ప్లగ్గు తీసి, బోర్లించి, అడుగునున్న రబ్బరు కాళ్ల దగ్గర మొదలుపెట్టండి. అవి బండ మీద మిక్సీ జరగకుండా పట్టుకుంటాయి, మోటారు వణుకును కొంత మింగుతాయి. పక్కనే చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. గట్టిపడిన పిండి వేసి ఒక్కసారిగా తిప్పినప్పుడు మోటారు వేడెక్కి ఆగిపోతుంది చూడండి, మళ్లీ నడిపించడానికి నొక్కేది దాన్నే. చాలా ఇళ్లలో ఆ బటన్ ఉందని తెలియక మిక్సీని రిపేరుకు పట్టుకెళతారు. అడుగున, కంటికి కనబడని చోట దాన్ని పెట్టడం సరైనదేనా? పైకి తెస్తే నీళ్లు పడవా? ఈ ఒక్క ప్రశ్న మీద నాలుగు వారాల ప్రాజెక్టు చేయొచ్చు.

ఇంకా లోపలికి వెళితే మోటారుకు రెండు పక్కలా కార్బన్ బ్రష్‌లు కనిపిస్తాయి. అవి అరిగిపోవడానికే పెట్టినవి. పైన జార్ కూర్చునే చోట నైలాను కప్లరు ఉంటుంది. జార్‌లో ఏదైనా ఇరుక్కుంటే ముందు దాని పళ్లే విరుగుతాయి. కొద్ది రూపాయల ముక్క పోతే పోయింది, మోటారు బతుకుతుంది. ఎక్కడ విరగాలో ముందే ఆలోచించి పెట్టడం డిజైన్‌లో చాలా పెద్ద విద్య. దాన్ని నాకు తెలిసినంతలో ఏ పుస్తకమూ మిక్సీ అంత బాగా చెప్పదు. ఆ తర్వాత మన మిక్సీ ఎలా పుట్టిందో చదవండి. పాశ్చాత్య వంటగది కోసం చేసిన బ్లెండర్లు మన పసుపు కొమ్ములకు, నానిన మినప్పప్పుకు తట్టుకోలేకపోయేవి. 1960ల్లో బొంబాయిలో ఎస్.పి. మాథుర్ అనే ఇంజినీరు ఇంట్లో జర్మనీ బ్లెండర్ పాడైతే బాగుచేసే దిక్కు లేక, మన వంటకు తగ్గ మోటారుతో కొత్తది చేయడానికి పూనుకున్నారు. సుమీత్ మిక్సీ అలా వచ్చింది. కొత్తదనం పాతదాన్ని విప్పిన బల్ల మీదే పుట్టింది.

ఒక హెచ్చరిక. మైక్రోవేవ్ ఓవెన్, పాత పిక్చర్ ట్యూబ్ టీవీ మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపల ప్రాణం తీసేంత విద్యుత్తు నిలవ ఉండొచ్చు.

రెండో ఏడాది వేసవిలో పేరున్న డిజైన్ స్టూడియోలో ఇంటర్న్‌షిప్ వచ్చిందనుకోండి. వదులుకోండి. ఇది చెప్పినప్పుడు పిల్లల కంటే తల్లిదండ్రులకే ఎక్కువ కోపం వస్తుంది. స్టూడియోలో ఆ దశలో మీకిచ్చే పని ఎవరో చేసిన వస్తువుకు తెర మీద రంగులు మార్చడం. అదే రెండు నెలలు విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో ఒక షెడ్డులో నిలబడితే మిగతా జీవితమంతా పనికొస్తుంది. బాలానగర్‌లో 1968 నుంచి కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ ఉంది. దాని చుట్టుపక్కల సందుల్లో డైలు, అంటే లోహపు అచ్చులు చేసే చిన్న షెడ్లు ఎన్నో. అక్కడ అడిగి చూడండి. ఒకరు కాదంటే పక్కనున్నవాళ్లు ఒప్పుకుంటారు. జీతం అడగకండి. యజమానిని సార్ అనండి, టర్నర్‌ను అన్నా అనండి, టీ మీరే తెప్పించండి, ఫోన్ సంచిలో పెట్టేయండి. లేత్ తిరుగుతున్నప్పుడు చున్నీ, కడియం, పొడుగు చేతుల చొక్కా ఉండకూడదు. చేతికి గ్లవుజులు కూడా వేసుకోకూడదు. తిరిగే భాగం గ్లవుజును పట్టుకుంటే దానితోపాటు చేతినీ లాగేస్తుంది. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

అక్కడ ఏం నేర్చుకుంటారు? క్లాసులో మీరు నిటారు గోడలున్న ప్లాస్టిక్ డబ్బా గీస్తారు. బాగుందంటారు. అదే కాగితం డై మేకర్‌కు చూపిస్తే గోడకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఇవ్వమంటాడు, లేకపోతే అచ్చులోంచి ఊడిరాదంటాడు. ఇంట్లో ప్లాస్టిక్ బకెట్ పైన వెడల్పుగా, కింద సన్నగా ఎందుకుందో ఆ రోజు తెలుస్తుంది. అచ్చులోంచి సులువుగా జారి రావడానికి, కొట్లో ఒకదానిలో ఒకటి దొంతర పెట్టడానికి కూడా. డబ్బా లోపల బలం కోసం మీరొక మందపాటి పట్టీ వేస్తారు. బయటి వైపు సరిగ్గా ఆ పట్టీ వెనక చిన్న గుంట పడుతుంది. మందంగా ఉన్నచోట ప్లాస్టిక్ నెమ్మదిగా చల్లారి లోపలికి ముడుచుకుంటుంది మరి. అందుకే పట్టీ మందం గోడ మందంలో సగం దగ్గర ఆపుతారు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటాయి. కానీ డై ఒకసారి కోశాక మార్చాలంటే ఎంత డబ్బు, ఎన్ని రోజులు పోతాయో, ఆ తప్పుకు ఎవరు తిట్లు తింటారో షెడ్డులోనే తెలుస్తుంది. గీత గీసేటప్పుడు ఆ మనిషి గుర్తొస్తే గీత జాగ్రత్తపడుతుంది.

అందుకే 3డీ ప్రింటర్‌ను మొదటి ఏడాది ముట్టుకోవద్దంటాను. అది ఏ ఆకారం ఇచ్చినా కాదనదు. వాలు అడగదు, మందం అడగదు. అట్టముక్క, థర్మోకోల్, మెత్తటి చెక్క మీద చేయి తిరిగాక దాని దగ్గరికి వెళ్లండి. వెళ్లాక కూడా పదార్థం గుణం తెలుసుకుని వాడండి. కాలేజీ ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. దానితో చేసిన ఫోన్ స్టాండును మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెడితే సాయంత్రానికి వంగిపోతుంది. చివరి ఏడాది ప్రాజెక్టుకు పెద్ద యంత్రాలు కావాలంటే రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభించిన టీ-వర్క్స్ ఉంది. నమూనాలు తయారుచేయడం కోసమే కట్టిన చోటు అది. కొలతలన్నీ ఖాయం చేసుకున్నాకే అక్కడికి వెళ్లండి.

పల్లెల్ని ఉద్ధరించే ప్రాజెక్టు పెట్టుకోకండి. ఈ మాట కటువుగా ఉంటుందని తెలుసు. మంచి మనసుతోనే పిల్లలు ఊరికి వెళతారు, నాలుగు రోజులుంటారు, రైతుకో నేతగాడికో ఒక పరికరం గీసుకుని వస్తారు. మార్కులు పడతాయి. పరికరం హాస్టల్ గదిలోనే ఉండిపోతుంది. చింతకింది మల్లేశం గారి పని పక్కన పెట్టి చూడండి. బడి చదువు మధ్యలోనే ఆపేసిన మనిషి. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పాలంటే, ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజాలు పోతుంటే చూడలేక యంత్రం మొదలుపెట్టారు. ఏళ్లు పట్టింది. డబ్బు చాలక మధ్యలో ఆగింది. హైదరాబాద్‌లో కూలి పనులు చేసుకుంటూ, వర్క్‌షాపుల్లో తిరిగే యంత్రాలను గమనిస్తూ మిగిలిన ముడి విప్పారు. 1999లో ఆసు యంత్రం పనిచేసింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఎదురుగా ఉన్న సమస్య సొంత ఇంట్లో రోజూ కనిపించేది. మీకూ అలాంటిది ఒకటి ఉంటుంది. అమ్మమ్మ మాత్రల డబ్బా తెరవలేకపోవడమో, నాన్న షాపులో షట్టరు ఎత్తలేకపోవడమో. ఆ చిన్నదాన్ని పట్టుకుని రెండేళ్లు వదలకండి. ఊరి పనే చేయాలని గట్టిగా ఉంటే ఒక సెమిస్టర్ మొత్తం ఆ ఊళ్లో ఉండండి, పని నేర్చుకోండి, పరికరం సంగతి తర్వాత.

మన దేశంలో డిజైన్ చదువుకు పునాది వేసిన కాగితం కూడా, రోజూ ఎదురుగా ఉన్నదాన్నే చూడమన్న ఈ మాటే చెబుతుంది. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో వాళ్లకు అన్నిటికన్నా నచ్చిన వస్తువు చెంబు. ఎన్ని నీళ్లు పట్టాలి, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎక్కడ ఆనుతుంది, చంక మీద ఎలా కూర్చుంటుంది, పోసేటప్పుడు చేతికి ఎలా అందుతుంది, లోపల తోమడం కుదురుతుందా అని వరసగా ప్రశ్నలు వేసుకుంటూ పోయారు. దాన్ని ఏ ఒక్కరూ డిజైన్ చేయలేదని, తరాల తరబడి ఎందరో కలిసి చేశారని అన్నారు. 1961లో అహమ్మదాబాద్‌లో ఎన్ఐడీ ఏర్పడింది ఆ నివేదిక తర్వాతే. సీటు వచ్చిన ప్రతి ఒక్కరూ కాలేజీలో చేరేలోపు దాన్ని చదవాలి. చిన్నదే, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది.

మీ వస్తువు ఎలా ఉందని ఎవరినీ అడగకండి. మన దగ్గర అడిగితే బాగుంది బాబూ అంటారు. మర్యాద అది. చేతికిచ్చి, నోరు మూసుకుని, దూరంగా నిలబడి చూడండి. ఎక్కడ తడబడ్డారు, ఏ వేలు ముందు పెట్టారు, దేన్ని రెండుసార్లు నొక్కారు, ఎప్పుడు మీ ముఖంలోకి చూశారు, అవి రాసుకోండి. అమెరికాలో ప్యాట్రిషియా మూర్ అనే డిజైనర్ ఇరవయ్యారేళ్ల వయసులో, 1979 నుంచి 1982 వరకు, ముసలమ్మ వేషం వేసుకుని వందకు పైగా ఊళ్లు తిరిగింది. చూపు మసకబారే కళ్లద్దాలు, వినికిడి తగ్గేలా మూసిన చెవులు, కీళ్లు వంగకుండా కట్లు. వృద్ధుల కోసం గీసే ముందు వాళ్ల ఒంట్లో ఉండి చూడాలని ఆమె పట్టుదల. మీరు అంత చేయక్కర్లేదు. రెండు వేళ్లను టేపుతో కలిపి చుట్టి ఒక పూట వంట చేయండి, గ్యాస్ స్టౌ నాబ్ తిప్పండి, పాల ప్యాకెట్ కత్తిరించండి. చాలా తెలుస్తుంది.

చూడాల్సిన వస్తువులు మీ ఊళ్లోనే ఉన్నాయి. ఎన్నికల రోజున ఓటింగ్ యంత్రాన్ని గమనించండి. దాని ఆకృతి ఐఐటీ బొంబాయి డిజైన్ కేంద్రానికి చెందిన ఎ.జి. రావు, రవి పూవయ్య గార్లది, తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి మన హైదరాబాద్ ఈసీఐఎల్. చదువు రానివాళ్లు, ఇంతకుముందు ఏ యంత్రాన్నీ నొక్కనివాళ్లు, గది మూలలో ఎవరి సాయమూ లేకుండా వాడాలి. పేరు, గుర్తు, నీలం బటన్ ఒకే వరసలో ఉంటాయి. నొక్కితే పక్కనే ఎర్ర లైటు వెలుగుతుంది, పొడవుగా బీప్ మోగుతుంది. చూపు లేనివాళ్ల కోసం బ్రెయిలీ అంకెలున్నాయి. కరెంటు లేని పోలింగ్ కేంద్రంలోనూ పనిచేయాలి కాబట్టి బ్యాటరీ. ఇన్ని కష్టాలకు జవాబు చెప్పిన వస్తువు అట్టహాసం లేకుండా ఉంది. తరగతి ప్రదర్శనలో పెడితే బహుశా బహుమతి రాదు. నా దృష్టిలో మన దేశం చేసిన గొప్ప డిజైన్లలో అది ఒకటి.

కొలతలు కూడా మనవే వాడండి. పాశ్చాత్య పుస్తకాల్లో కుర్చీ ఎత్తు ఆ దేశాల మనుషులది. దేబ్‌కుమార్ చక్రబర్తి గారు మన మనుషుల శరీర కొలతలను సేకరించి చేసిన పుస్తకాన్ని ఎన్ఐడీ 1997లో ప్రచురించింది. మనం కింద కూర్చుంటాం, మఠం వేసుకుంటాం, గొంతుక్కూర్చుని పనిచేస్తాం. ఈ దేశంలో డిజైన్ చేసేవాళ్లకు ఆ భంగిమల కొలతలు కావాలి.

జ్యూరీ రోజున, అంటే మీ పనిని మేష్టార్లు పరీక్షించే రోజున, విరిగిన మోడల్‌ను బల్ల మీద పెట్టండి. రంగు వేసి మెరిపించిన చివరిదాని పక్కనే, అంతకుముందు విరిగినవన్నీ వరసగా, ఎక్కడ ఎందుకు విరిగిందో చీటీ రాసి. పోర్ట్‌ఫోలియోలోనూ అంతే. మంచి కంపెనీల్లో చూసేవాళ్లు మొదటి పేజీ బొమ్మను తిప్పేసి వీటి దగ్గరే ఆగుతారు. మార్కులు కొన్ని తగ్గొచ్చు. తగ్గనివ్వండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఉద్యోగాల సంగతి దాచి లాభం లేదు. ప్రోడక్ట్ డిజైన్ చదివినవాళ్లలో చాలామంది చివరికి హైదరాబాద్, బెంగళూరుల్లో యాప్‌ల తెరలు డిజైన్ చేసే పనుల్లో చేరుతున్నారు. జీతాలు అక్కడ ఎక్కువ. చేత్తో పట్టుకునే వస్తువుల పని తక్కువ, జీతం మెల్లగా పెరుగుతుంది. ఆ లెక్క చూసుకుని మీ పిల్లలు తెరల వైపు వెళితే తప్పులేదు. కానీ మొదటి రోజు నుంచే అటు నెట్టకండి. నాలుగేళ్లలో కనీసం ఒక వస్తువైనా అచ్చులోంచి బయటికొచ్చి, అపరిచితుల ఇంట్లో వాడకంలోకి వచ్చేదాకా వాళ్లను ఆగనివ్వండి. డ్రాయింగ్ రూములో ప్లాస్టిక్ పొడి, వరండాలో విప్పేసిన ఫ్యాను భరించండి. గ్లాసులో టీ పోస్తూ బాలానగర్‌లో నిలబడ్డ పిల్లను చూసి ఇంజినీరింగ్ చదివించాల్సిందని బాధపడకండి.

యూసీడ్ మామూలుగా జనవరిలో జరుగుతుంది. దరఖాస్తులు దానికి కొన్ని నెలల ముందే తీసుకుంటారు. ఒకరు రెండుసార్లే రాయగలరు, అదీ వరసగా రెండేళ్లలోనే. ఇంటర్ రెండో ఏడాది పిల్లలున్న ఇళ్లలో దసరా సెలవులకల్లా ఈ తేదీలు చూసి పెట్టుకోండి.